రెప్పకు ఇచ్చిన చోటు

తొయామాలో పసిపిల్లల్ని చూసుకునే కేంద్రాల వాళ్ళు బిడ్డ ఒళ్ళు ముప్పై ఏడున్నర డిగ్రీలు దాటితే చాలు, తల్లికి ఫోన్ చేసేస్తారు. ఏ పనిలో ఉన్నా వదిలేసి వెళ్ళి తెచ్చుకోవాలి. మా నాగి ఒళ్ళు ఎప్పుడూ ఆ గీత దగ్గరే ఊగిసలాడేది. నేను చదివింది భౌతికశాస్త్రం. థర్మామీటర్ ఎంత తేడాగా చూపిస్తుందో, చంకలో చెమట ఉంటే అంకె ఎంత తగ్గుతుందో నాకు తెలుసు. తెలిసినా ఫోన్ మోగగానే సంచి అందుకుని లేచేదాన్ని. మా ఆయన ఉద్యోగం నాగోయాలో, ఇంటికి వచ్చేది వారాంతాల్లోనే. అలా ఒకరోజు సగం పనిలో లేచి వచ్చి, బిడ్డను భుజాన వేసుకుని మెట్లు ఎక్కుతుంటే కింది వాటా తలుపు తెరుచుకుంది. తాకెబె ఫుసాకో గారు.

"కుదో గారూ, పిల్లని ఇలా ఇవ్వండి. మీరు మళ్ళీ ఆఫీసుకి పోవాలిగా. మొహం చూస్తేనే తెలుస్తోంది."

"జ్వరమండీ. మీకు అంటుకుంటే..."

"అరవై దాటినదానికి కొత్తగా అంటుకునేదేముంది? ఇటివ్వండి."

ఆ రోజు నుంచి మా నాగికి ఆమె ఫుసా మామ్మ.

అప్పటికి ఆమె గురించి నాకు తెలిసింది తక్కువ. భర్త పోయి చాలాకాలమైంది. పిల్లలు లేరు. చేప ముక్కల్ని సముద్రపు నాచు పట్టీల మధ్య నొక్కిపెట్టి, మర్నాడు తలా కొంచెం పొరుగిళ్ళకు పంచుతారు. మెట్ల మీద మంచు పేరుకుంటే ఎవరూ లేవకముందే తీసేస్తారు. తీసినట్టు ఎవరికీ చెప్పరు.

నేను పనిచేసే చోటు పేరు కజాగురుమా. టీవీకి తగిలించి ఆడుకునే ఆటలు తయారుచేసే చిన్న కంపెనీ. తొయామాలో పుట్టి తొయామాలోనే ఉండిపోయింది. ఆ ఏడాది మా పని పాత ఆటలన్నిటినీ ఒకే పెట్టెలో చేర్చి, ఇప్పటి యంత్రాల మీద ఆడేటట్టు చెయ్యడం. వాటిలో మొదటిది, అందరికీ తెలిసినది, పొగమంచు దీవిలో దీపం పట్టుకుని తిరిగే చిన్నపిల్ల కథ. ఆ పిల్ల పేరు తోమో. ముప్పై దాటిన వాళ్ళెవరినైనా మా ఊళ్ళో ఆపి అడగండి, తోమో తెలియదనరు. రోజంతా నా కళ్ళ ముందు తెర మీద తోమో నడిచేది, ఆగేది, రెప్ప వేసేది.

ఒక సాయంత్రం నాగిని తీసుకెళ్దామని వెళ్ళాను. బల్ల మీద గళ్ళ కాగితం ఉంది. ఫుసాకో గారు పెన్సిలుతో ఒక్కో గడీ నింపుతున్నారు. ఎదురుగా చూసి వేయడానికి ఏ బొమ్మా లేదు. పాదాల దగ్గర మొదలుపెట్టి పైకి వస్తున్నారు. చూస్తుండగానే లాగు వచ్చింది, దీపం వచ్చింది, టోపీ వచ్చింది. ఒక్క గడి కూడా చెరపలేదు. మేము ఆఫీసులో పెద్దది చేసి లెక్కపెట్టుకుంటూ సరిచూసుకునే బొమ్మ, గడికి గడి అదే.

"మీరు తోమో అభిమానులా?" అన్నాను.

"అభిమానమేంటి?" అన్నారు తలెత్తకుండానే. "దాన్ని కన్నదాన్ని."

ఆమె కథ నాకు ఒక్కసారిగా తెలియలేదు. నాగికి జ్వరం వచ్చిన రోజుల్లో, ముక్కలు ముక్కలుగా తెలిసింది. నాకు తెలిసినంత వరుసలో పెట్టి చెబుతాను.

మా ఊరు మందులకు పేరు. ఇంటింటికీ తిరిగి మందుల పెట్టెలు పెట్టి వచ్చే వర్తకులు ఇక్కడివాళ్ళే. ఆ మందుల పొట్లాల మీద అచ్చువేసే చిన్న చిన్న బొమ్మలు గీయడం మినెగిషి ఫుసాకో మొదటి ఉద్యోగం. మినెగిషి ఆమె పుట్టింటి పేరు. కడుపునొప్పి మందుకు ఎలుగుబంటి, దగ్గుమందుకు కొంగ. గోరంత చోటులో కొంగ కొంగలా కనబడాలి. ఆ పని చూసి హతానో అనే ఆయన ఆమెను పిలిచారు. సైకిళ్ళ దుకాణం పైగదిలో ఆయన కొత్తగా ఆటల కంపెనీ పెట్టారు. అదే కజాగురుమా. అక్కడ ప్రోగ్రాం రాసే కుర్రవాడు ఉజిహారా మసతోషి. ఆమె కంటే ఒక ఏడు చిన్న.

ఆ రోజుల్లో మా పరిశ్రమలో ఒక అలవాటు ఉండేది. ఆట పూర్తయ్యాక తెర మీద పేర్లు వస్తాయి కదా, అక్కడ అసలు పేర్లు వేయనిచ్చేవాళ్ళు కాదు. వేస్తే వేరే కంపెనీవాళ్ళు చూసి మనుషుల్ని ఎగరేసుకుపోతారని భయం. అందుకని ప్రతివాడూ ఒక వింత పేరు పెట్టుకునేవాడు. ఉజిహారా పేరు ఇనపకుండ. బుర్ర వేడెక్కడానికి గంట, చల్లారడానికి వారం పడుతుందని హతానో గారే పెట్టారట. ఫుసాకో గారు తనకు కొంబు అని పెట్టుకున్నారు, ఇంట్లో రోజూ తినే ఆ నాచు పేరే.

కానీ కొంబు అన్న పేరు ఏ తెర మీదకూ రాలేదు.

అప్పటి ఆట క్యాసెట్టులో పట్టేది చాలా తక్కువ. ఇప్పుడు నా ఫోనులో నాగి నవ్వే ఒక్క ఫోటోకు పట్టే చోటులో అలాంటి ఆటలు ఎన్నో పడతాయి. తయారీకి పంపే ముందు ప్రతి గడీ, ప్రతి అక్షరమూ చోటు కోసం కొట్టుకునేవి. అంతా నిండిపోయాక ఫుసాకో గారికి ఒకటి తోచింది. తోమో ఊరికే నిలబడినప్పుడు బొమ్మలా ఉంది, ప్రాణం లేదు. ఒక్కసారి రెప్ప వేస్తే చాలు. ఆ రెప్పకు రెండు చిన్న బొమ్మ ముక్కలు కావాలి. చోటు లేదు.

"దేన్నైనా తీస్తే పడుతుంది. శబ్దాల్లో ఏమీ తియ్యలేను. దీవిలో ఒక రాయి కూడా తియ్యలేను" అన్నాడట ఉజిహారా.

"పేర్లలో?"

"పేర్లలో తీస్తే ఎవరిది తీస్తాం?"

"నాది తీసెయ్. బొమ్మలు అన్న వరుస, దాని కింద కొంబు, అవి ఎక్కడ కనబడాలో చెప్పే లెక్క, మొత్తం తీసెయ్. సరిపోతుందా?"

అతను లెక్క వేశాడు. సరిపోయింది. ప్రోగ్రాం అన్న చోట 'ప్రోగ్రాం, బొమ్మలు' అని కలిపేసి, కింద ఇనపకుండ అని ఒక్క పేరు ఉంచారు. అప్పుడు అతను లేచి నిలబడి, నడుం వంచి నమస్కారం చేసి అన్న మాట ఆమెకు ఎప్పటికీ గుర్తే. "ఇకనుంచి ఇనపకుండ మనిద్దరి పేరు. వచ్చే ఆటలో నీ పేరు మొదట వేస్తాను."

వచ్చే ఆటలోనూ చోటు చాలలేదు. ఆ తర్వాతి ఆటకు జనానికి ఇనపకుండ అలవాటైపోయాడు. పత్రికలు ఆ పేరుకు వచ్చిన ఉత్తరాలే అచ్చువేస్తున్నాయి, మార్చడం ఎందుకన్నారు హతానో గారు. ఇంతలో ఫుసాకో గారికి తాకెబె వాళ్ళ సంబంధం కుదిరింది. పెళ్ళి కుదిరిన ఆడపిల్ల ఉద్యోగం మానేయడం అప్పట్లో అడగాల్సిన పని కూడా లేని విషయం. పూలగుత్తి ఇచ్చారు, చప్పట్లు కొట్టారు, ఆమె మెట్లు దిగి సైకిళ్ళ దుకాణం ముందు నుంచి ఇంటికి వెళ్ళిపోయింది.

ఇక్కడితో ఆమెకూ తోమోకూ తెగిపోయిందనుకున్నాను నేను. తెగలేదు. అభిమానులకు ఇవ్వడానికి షికిషి అని తెల్లటి చదరపు అట్టలు ఉంటాయి. వాటి మీద బొమ్మ వేసి, సంతకం చేసి, ఫలానా వారికి అని పేరు రాసి ఇవ్వడం ఇక్కడి మర్యాద. ఉజిహారా అప్పుడప్పుడు ఆ అట్టలు సంచిలో వేసుకుని ఫుసాకో గారి వంటింటికి వచ్చేవారు. ఆమె తోమోను వేసేవారు. ఆయన ఇంటికి తీసుకెళ్ళి కింద ఇనపకుండ అని సంతకం పెట్టేవారు. ఇన్నేళ్ళుగా దేశంలో ఎక్కడెక్కడో గోడల మీద వేలాడుతున్న తోమోలన్నీ ఆ వంటింట్లో పుట్టినవే.

"మీకు ఏమీ అనిపించేది కాదా?" అని అడిగాను.

"ఏమనిపిస్తుంది? పేరు ఇద్దరిదీ కదా. నేను వేస్తే ఇనపకుండ వేసినట్టే. అతను సంతకం పెడితే నేను పెట్టినట్టే" అన్నారు. నిజంగానే అలా అనుకున్నారు. ఆ మాటలో చిన్నబుచ్చుకోవడం కోసం నేను వెతికాను, దొరకలేదు.

శరత్కాలంలో మా కంపెనీలో ఒక నిర్ణయం జరిగింది. హతానో గారు పోయాక ఇప్పుడు ఆయన కొడుకు యజమాని. కొత్త పెట్టెలో ముసుగు పేర్లన్నీ తీసేసి, అసలు పేర్లు వేద్దామని ఆయన అన్నారు. ఎగరేసుకుపోయేవాళ్ళు ఇప్పుడెవరున్నారు, సగంమంది తాతయ్యలైపోయారు కదా అని నవ్వారు. ఏ పేరు ఎవరిదో చెప్పే పని ఉజిహారాకు అప్పగించారు. మొదటినుంచీ ఉన్నవాళ్ళలో మిగిలింది ఆయనొక్కరే. సలహాదారుగా వారానికి రెండుసార్లు ఆఫీసుకు వస్తారు.

ఆ సాయంత్రం మెట్లెక్కుతూనే ఫుసాకో గారికి చెప్పాను. ఆమె నాగికి స్వెట్టర్ తొడుగుతున్నారు. చెయ్యి సగం దూర్చి ఆగిపోయారు.

"అసలు పేర్లా?"

"అసలు పేర్లే."

"ఇప్పుడు చోటుందా?"

"ఎంతైనా ఉంది. ఊరంతటి పేర్లూ వేయొచ్చు."

"మామ్మా, చెయ్యి" అంది నాగి. ఆమె చెయ్యి దూర్చి, బొత్తాలు పెట్టారు. నేను వెళ్తుంటే గుమ్మం దాకా వచ్చి, "పేరు తెర మీద ఎంతసేపుంటుంది కుదో గారూ?" అని అడిగారు. పైకి జరిగే వేగాన్ని బట్టి లెక్కగట్టి, నాలుగైదు సెకన్లు అన్నాను.

"అంతసేపా" అన్నారు.

అప్పటినుంచి ఆమెలో మార్పు కనబడింది. ఏ పేరు వేయించుకోవాలన్నది ఆమెకు పెద్ద సమస్య అయిపోయింది. తలుపు మీద, బ్యాంకులో, ఆసుపత్రిలో తాకెబె. ఒకరోజు తాకెబెయే సరి అనేవారు, మా ఆయన చివరిదాకా మంచిగానే చూసుకున్నాడు అనేవారు. మర్నాడు మాట మార్చి మినెగిషి అనేవారు. ఇంత పట్టింపు ఆమెలో ఉందని నేను అనుకోలేదు. బిడ్డకు పేరు పెట్టేముందు నేనూ మా ఆయనా ఇలాగే కొట్టుకున్నాం.

నవంబరు చివర్లో ఉజిహారా వచ్చారు. నేను నాగికి మందు తాగించడానికి అక్కడే ఉన్నాను. మనిషి పొట్టి, మెడకు ఎర్ర మఫ్లరు, గుమ్మంలోంచే గొంతు, మినెగిషిని కుదించి పిలుస్తూ.

"మినె, ఇంకా బతికే ఉన్నావా?"

"నువ్వు వస్తావని తెలిస్తే ఇంకోలా ఆలోచించేదాన్ని. బూట్లు అక్కడే విప్పు, మంచు లోపలికి తేకు."

"ఇదిగో, మసుజుషి తెచ్చాను. స్టేషన్లో అమ్మేది కాదు. అసలు దుకాణంలోది."

"స్టేషన్ కవరు బయట పారేసి వచ్చావన్నమాట."

"చూశారా కుదో గారూ, నలభై ఏళ్ళుగా ఈ నోరు భరిస్తున్నాను" అంటూ ఆయన కూర్చుని, సంచిలోంచి అట్టలు తీసి బల్ల మీద పేర్చారు. పేర్చుతూనే ఉన్నారు.

"ఏంటివి, గోడ కడతావా?"

"ఎక్కువేం కాదు. డిసెంబరులో కొత్త పెట్టె విడుదలకి సభ ఉంది కదా. వచ్చినవాళ్ళకి తలా ఒకటి."

"నీ ఎక్కువేం కాదు నాకు తెలుసు. కిందటిసారి రెండ్రోజులు గరిటె పట్టుకోలేకపోయాను."

"నెమ్మదిగా వెయ్యి. తొందరేముంది."

ఆమె టీ పోశారు. చేప, అన్నం ఒత్తిన ఆ గుండ్రటి దిమ్మను కేకులా కోసి మూడు పళ్ళాల్లో పెట్టారు. తర్వాత, తన పళ్ళెం వంకే చూస్తూ అడిగారు.

"ఈసారి అసలు పేర్లు వేస్తున్నారటగా."

"ఆ. హతానో అబ్బాయి సరదా. ఎవరెవరని నన్ను పట్టుకు వేధిస్తున్నాడు."

"నాది మినెగిషి అని వెయ్యమను. తాకెబె వద్దు. తోమోని వేసినప్పుడు నేను మినెగిషినే."

"అంతా నేను చూసుకుంటాగా" అన్నారాయన. "తిను ముందు."

ఆ అట్టలన్నీ ఆమె పూర్తి చేశారు. మధ్యాహ్నాలు కిటికీ దగ్గర కూర్చుని, మణికట్టుకు వేడి పట్టీ వేసుకుని. నాగి పక్కన కూర్చుని ఆరిన అట్టల్ని ఒకదాని మీద ఒకటి పెట్టేది. నిజం చెప్పాలంటే అంతకుముందెప్పుడూ నేను ఆమెను అంత సంతోషంగా చూడలేదు. ఏదో కూనిరాగం తీస్తుండేవారు.

పేర్ల భాగం నా దగ్గరికి సరిచూడటానికి వచ్చేసరికి డిసెంబరు వచ్చేసింది. తెర మీద నల్లని నేపథ్యం, పేర్లు కిందినుంచి పైకి జరుగుతున్నాయి. 'ప్రోగ్రాం, బొమ్మలు: ఉజిహారా మసతోషి.' తర్వాత సంగీతం. తర్వాత పెద్ద హతానో గారు. నేను వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. తర్వాతి ఆట చూశాను. దాని తర్వాతిది చూశాను. మినెగిషి ఫుసాకో ఎక్కడా లేదు.

ఉజిహారా కిందికి దిగి కాఫీ డబ్బాల యంత్రం దగ్గర ఉన్నారు.

"బొమ్మల దగ్గర మీ పేరొక్కటే ఉందండీ" అన్నాను.

"అవును."

"ఫుసాకో గారి పేరు మర్చిపోయారేమో అని..."

"మర్చిపోలేదమ్మా. పాత ఆటలో ఏ పేరుందో, అది ఎవరిదో చెప్పమన్నారు. ఇనపకుండ నేను. ఆవిడ పేరు పాత ఆటలో లేదు."

"ఆ పేరు ఇద్దరిదీ అని మీరే అన్నారట."

ఆయన డబ్బా మూత తీశారు. "పేరు తీసెయ్యమన్నది ఎవరో అది కూడా చెప్పిందా? నేను తియ్యలేదు. నా ఎదురుగా కూర్చుని ఆవిడే తీసెయ్ అంది."

"చెప్పారు. ఎందుకు తీయమన్నారో కూడా చెప్పారు."

ఆయన డబ్బాను తాగకుండానే యంత్రం మీద పెట్టారు. తర్వాత గొంతు తగ్గింది. "కుదో గారూ, పదేళ్ళ పిల్లలకి ఇచ్చాను ఆ అట్టలు. వాళ్ళు ఇప్పుడు వాళ్ళ పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తున్నారు. చెయ్యి పట్టుకుని ఏడుస్తారు. వాళ్ళకి ఏం చెప్పమంటారు? మీరు ఇన్నేళ్ళు పట్టుకున్న చెయ్యి ఆ బొమ్మలు వేసింది కాదు అని చెప్పనా?"

"చెప్పొచ్చు కదండీ."

"మీరు చిన్నవాళ్ళు" అని ఆయన మెట్లెక్కేశారు.

యజమాని దగ్గరికి వెళ్ళాను. ఆయన చెడ్డ మనిషి కాదు. అంతా విని, "ఉజిహారా గారు ఒక్క మాట అంటే ఇప్పుడే మార్పిస్తాను. ఆయన నేనే అంటుంటే నేనెలా కాదనేది? నాన్న లేడు. ఆవిడ గీసిన కాగితాలైనా ఉన్నాయా?" అన్నారు. లేవు. సైకిళ్ళ దుకాణం మీది గది ఖాళీ చేసి ఆఫీసు మారినప్పుడు, ఏడాది చివరి దులుపుడులో అంతా చెత్తకు పోయింది. నేనే పాత అలమారలన్నీ వెతికాను కాబట్టి నాకు తెలుసు.

ఫుసాకో గారికి చెప్పకుండా ఉండటం నా వల్ల కాలేదు. ఆ సాయంత్రమే చెప్పాను, ఉన్నదున్నట్టు. ఆమె ముల్లంగి తురుముతున్నారు. తురమడం ఆపలేదు.

"మీరు సరిగ్గా చూసి ఉండరు."

"మూడు ఆటలూ చూశానండీ."

"అయితే సభలో చెబుతాడు. ఉజి అంతే. కాగితం మీద పెట్టమంటే పెట్టడు, నోటితో చెబుతాడు. హతానో పెద్దాయన అంత్యక్రియల్లో కూడా రాసుకొచ్చింది జేబులో పెట్టుకుని ఏదో మాట్లాడి అందర్నీ ఏడిపించాడు." గిన్నెలో తురుము ఎక్కువైపోయి అంచుల మీదికి వచ్చింది. "నేను వస్తాను సభకి. నాకూ ఒక చీటీ ఇప్పించండి."

సభ కాలువ పక్కన హాల్లో. ఆ రోజు మధ్యాహ్నం సముద్రం మీద ఉరుములు మొదలయ్యాయి. మా దగ్గర చలికాలపు ఉరుము వింటే చేపలవాళ్ళు సంబరపడతారు, బురి చేపలు ఒడ్డుకు వస్తాయని. మా ఆయన నాగిని చూసుకున్నాడు. నేను, ఫుసాకో గారు ట్రాములో వెళ్ళాం. ముదురు నీలం కోటు వేసుకున్నారు, పెదాలకు రంగు వేసుకున్నారు. రెండో వరుసలో కూర్చున్నాం. వేదిక మీది మనిషికి మేము కనబడతాం.

ఉజిహారా బాగా మాట్లాడారు. సైకిళ్ళ దుకాణం గురించి, చలికి చేతులు కొంకర్లు పోయే గది గురించి, హతానో గారి తిట్ల గురించి చెప్పారు. జనం నవ్వారు. "తోమోకి రెప్ప ఎలా వచ్చింది?" అని సభ నడిపే అమ్మాయి అడిగింది. ఫుసాకో గారు కుర్చీలో ముందుకు జరిగారు. నా చేతి మీద ఆమె చెయ్యి పడింది.

"చోటు లేదు" అన్నారు ఉజిహారా. "ఒక్క గడి కూడా లేదు. ఏదో ఒకటి వదులుకోవాలి. వదులుకున్నాను." కాసేపు ఆగారు. ఆ ఆగడంలో ఆమె పేరు వస్తుందని నేను కూడా ఎదురుచూశాను. "ఏం వదులుకున్నానో అడక్కండి. కొన్ని మాటలు ఆ గదిలోనే ఉండాలి."

హాలంతా చప్పట్లు. మా ముందున్నతను కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత ఆ అమ్మాయి తెల్ల అట్ట, కలం తెచ్చి, ఇక్కడే అందరి ముందూ ఒక తోమోను వేయమని అడిగింది. ఆయన కలం తీసుకున్నారు, వేళ్ళ మధ్య తిప్పారు, నవ్వారు. "వేళ్ళకి వాతమమ్మా. నిలబడి వేస్తే తోమో కాస్తా దయ్యం అవుతుంది. అందుకే ఇంటి దగ్గర నెమ్మదిగా వేసుకొచ్చాను" అని బల్ల కింది పెట్టె తెరిచి ఒక అట్ట ఎత్తి చూపించారు. మళ్ళీ చప్పట్లు, ఈసారి జాలితో కలిసి ఇంకా గట్టిగా.

ఫుసాకో గారు కూడా కొట్టారు. వేడి పట్టీ ఇంకా చేతికి ఉంది.

"పదండి వెళ్దాం" అన్నాను.

"అందరికీ తలా ఒకటి అన్నాడుగా" అని ఆమె లేచి వరుసలో నిలబడ్డారు.

వరుస పొడుగ్గా ఉంది. ఉజిహారా తల వంచుకుని రాస్తున్నారు. ఒక్కొక్కరినీ "ఎవరి పేరు రాయమంటారు?" అని అడుగుతున్నారు, వాళ్ళు చెప్పింది పైన రాసి, కింద సంతకం పెట్టి, రెండు చేతులతో ఇస్తున్నారు. మా ముందు ఒక తండ్రి, ఆరేళ్ళ కూతురు. కూతురి పేరు రాయించుకున్నారు. తర్వాత మా వంతు.

"ఎవరి పేరు రాయమంటారు?"

"మినెగిషి ఫుసాకో."

కలం అట్ట మీద ఆగింది. ఆయన తలెత్తలేదు. మెడ మాత్రం ఎర్రబడింది, మఫ్లరు పైన నాకు కనబడింది. వెనక జనం ఉన్నారు. సభ నడిపే అమ్మాయి పక్కనే నవ్వుతూ నిలబడి ఉంది. ఇప్పటికైనా లేచి నిలబడతారనుకున్నాను. సైకిళ్ళ దుకాణం పైగదిలో ఒకసారి లేచి నిలబడ్డ మనిషే కదా.

ఆయన రాశారు. 'మినెగిషి ఫుసాకో గారికి.' కింద ఇనపకుండ అని సంతకం. రెండు చేతులతో ముందుకు చాపి, "వచ్చినందుకు ధన్యవాదాలు" అన్నారు, అందరితో అన్నట్టే.

ఆమె రెండు చేతులతో అందుకున్నారు. అభిమానులు వంగినంతే వంగారు. "మీ బొమ్మలంటే చాలా ఇష్టమండీ, ఉజిహారా గారూ" అన్నారు. ఆమె ఆయన్ని అలా పిలవగా నేనెప్పుడూ వినలేదు. ఆయన అప్పుడు తలెత్తారు. ఆమె అప్పటికే పక్కకు తప్పుకున్నారు, వెనకతనికి దారి ఇవ్వాలి కదా.

ట్రాములో సీట్లు దొరికాయి. ఒళ్ళో అట్ట, దాని మీద సంచి. కిటికీ బయట మంచు పడటం మొదలైంది. నేను ఏవేవో అన్నాను, ఈ మధ్య ఆటల్ని విడుదలయ్యాక కూడా సరిదిద్దొచ్చని, నేను మళ్ళీ యజమానితో మాట్లాడతానని. ఆమె వింటున్నట్టే తలూపారు.

"పేరు మాత్రం సరిగ్గా రాశాడు" అన్నారు కాసేపటికి. "అందరూ ఏదో ఒక అక్షరం తప్పు రాస్తారు."

అప్పుడే ఆమె సంచిలో ఫోన్ మోగడం మొదలైంది. తీసి చూశారు. తెర మీద ఉజి అని ఉంది. మోగనిచ్చారు. ఆగింది. మళ్ళీ మోగింది. ఎదురు సీటులో ముసలాయన చిరాగ్గా చూస్తే, "క్షమించండి, ట్రాములో మాట్లాడకూడదు కదా" అని ఆయనకు తల వంచి చెప్పారు.

మా స్టాపులో దిగాం. మంచులో ఇంటి దాకా నడుస్తుంటే ఆ ఫోన్ మూడోసారి మోగింది.

"ట్రాము దిగేశాం కదండీ" అన్నాను.

"దిగేశాం" అన్నారు. ఫోన్ తీసి, మోగడం పూర్తయ్యేదాకా చేతిలో పట్టుకుని నిలబడి, తర్వాత ఆపేసి సంచిలో వేసుకున్నారు. "నాగి నిద్రపోయిందో లేదో. పొద్దున ముక్కు కారుతోంది, ఒళ్ళు చూశారా?"

చూశానన్నాను. ముప్పై ఏడు పాయింట్ నాలుగు. ఇంకోసారి చూడండి అని ఆమె తన వాటా తలుపు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఎవరు అడిగినా, నాగి అడిగినా, ఆమె తోమోను వేయలేదు. "ఆ బొమ్మ నాకు రాదమ్మా" అంటారు. "అది ఉజిహారా గారిది."